చలికాలపు పరుగు – పరుగు సంఘం

గోదావరి జిల్లాలలో పుష్యమాసం సమీపించి, పొలాల్లో కుప్పలు లేచి, వాకిళ్ళలో ముగ్గులు వెలసిన తరువాత 'పందెం' అన్న మాట చెవిన పడితే ఎవరికైనా ముందుగా స్ఫురించేది కోడిపుంజే. చట్టం వద్దన్నా, పెద్దలు కాదన్నా, సంక్రాంతి మూడు నాళ్ళూ మన పల్లెల బరుల చుట్టూ జనం మూగుతూనే ఉంటారు. ఈ వ్యాసంలో మనం ముచ్చటించుకోబోయే పందెం వేరు. ఇందులో కాలికి కత్తి కట్టడం లేదు. చేతులు మారే సొమ్ము లేదు. ఓడినవాడు ఆ పూటకు కూర కావలసిన అగత్యం అంతకంటే లేదు. చలికాలపు వేకువన పదిమంది కూడి కాలువగట్టు మీద పరుగెత్తి, ఆ పిమ్మట ఒకచోట కూర్చుండి ఇడ్లీ తిని, తేనీరు త్రాగి, ఎవరి ఇళ్ళకు వారు పోయే పందెమిది. ఇట్టి పందేలను జరిపేవే పరుగు సంఘాలు.

ఇంత చిన్న విషయానికి కళాశాల పత్రికలో ఇన్ని పుటలు ఎందుకని పాఠకులు అడగవచ్చును. అందుకు కారణం ఉన్నది. మన విద్యార్థులలో పలువురికి పరుగు ఇప్పుడు ఆట కాదు, పరీక్ష.

పరీక్ష దినాన పరుగు

మన రాష్ట్రంలో 2022లో వెలువడిన పోలీసు కానిస్టేబుల్ నియామక ప్రకటన ప్రకారం పురుష అభ్యర్థి 1600 మీటర్ల దూరాన్ని 8 నిమిషాలలో పూర్తి చేయాలి. స్త్రీలకు గడువు 10 నిమిషాల 30 సెకన్లు. నాలుగు వందల మీటర్ల మైదానం చుట్టూ నాలుగు చుట్లు తిరిగితే 1600 మీటర్లు అవుతుంది. వినడానికి ఇది స్వల్పంగానే తోస్తుంది. అయితే వ్రాత పరీక్షకు ఏడాది పొడవునా పుస్తకం వదలని అభ్యర్థి, దేహపరీక్షకు పిలుపు వచ్చిన తరువాత పది, పదిహేను రోజులు మాత్రమే మైదానానికి వెళ్ళడం మనం ఏటా చూస్తున్నదే. వ్రాత పరీక్ష ముందు రాత్రి మేలుకొని చదివి గట్టెక్కినవారు ఉండవచ్చును గాని, గుండెకు, ఊపిరితిత్తులకు, మోకాళ్ళకు అటువంటి రాత్రి చదువు పనికిరాదు.

2024 ఆగస్టు, సెప్టెంబరు నెలలలో జార్ఖండ్ రాష్ట్రంలో ఎక్సైజు కానిస్టేబుల్ నియామకాలు జరిగినప్పుడు పురుషులు గంటలో పది కిలోమీటర్లు పరుగెత్తవలసి వచ్చింది. ఉక్కపోతలో జరిగిన ఆ పరీక్షల సందర్భంగా పదిమందికి పైగా యువకులు మరణించారు. ప్రభుత్వం పరీక్షలను కొన్ని రోజులు నిలిపివేయవలసి వచ్చింది. ఉద్యోగం కోసం వెళ్ళిన బిడ్డ తిరిగి రాకపోవడం ఏ తల్లికైనా తీరని దుఃఖం.

అంతటి విషాదం కాకపోయినా, కొన్నేళ్ళ క్రితం మా తరగతిలోని విద్యార్థి ఒకడు ఇటువంటి పరుగులోనే మూడవ చుట్టులో సొమ్మసిల్లి పడిపోయాడు. ఆసుపత్రిలో ఒక దినం ఉండి క్షేమంగానే ఇల్లు చేరుకున్నాడు. కాని వారం రోజుల వరకు తరగతికి రాలేదు. వచ్చిన తరువాత వెనుక బల్లమీద తల వంచుకొని కూర్చున్నాడు. పిలిచి అడుగగా, "రెండు చుట్లు అందరికన్నా ముందున్నానండి మాస్టారూ, తరువాత ఏమైందో తెలియదు" అన్నాడు. అతని ఓటమికి కారణం ఆ మాటలోనే ఉన్నది. రెండు చుట్లు అందరికన్నా ముందుండడమే అతడు చేసిన తప్పు. ఆ సంగతి చెప్పేవారు అతనికి ఎవరూ లేకపోయారు. ఆ కుర్రవాని కథ మిగిలినది తరువాత చెప్పుకుందాం.

సంఘాలు పుట్టిన విధం

ఒంటరిగా పరుగెత్తేవానికి తన తప్పు తనకు తెలియదు. కలిసి పరుగెత్తేవారికి ప్రక్కవాడే అద్దం. ఈ సత్యం మీదనే పరుగు సంఘాలు నిలిచి ఉన్నవి. వీటి పుట్టుక ఒక నది ఒడ్డున, ఒక చలికాలంలో జరిగింది. లండనులో థేమ్స్ నదిపై పడవలు నడిపే సంఘంవారు చలి నెలల్లో పడవపందేలు లేక దేహం బిగుసుకుపోతున్నదని తలచి, 1867 డిసెంబరులో వింబుల్డన్ మైదానం మీద ఒక పరుగు పందెం ఏర్పాటు చేసుకున్నారు. దాని నుండి 1868లో 'థేమ్స్ హేర్ అండ్ హౌండ్స్' అనే సంఘం వెలసింది. పొలాలకు, తుప్పలకు, బురదకు అడ్డంపడి పరుగెత్తే ఆటకు ప్రపంచంలోకెల్ల పాత సంఘంగా దీనికి పేరు. కుందేలు, వేటకుక్కలు అని ఆ పేరుకు అర్థం. కుందేలుగా ఎన్నికైనవాడు కాగితపు ముక్కలు జారవిడుస్తూ ముందు పోతే, తక్కినవారు ఆ జాడను పట్టుకొని వెంబడించే ఆట నుండి ఆ పేరు వచ్చింది. మన పిల్లల దొంగాట వంటిదే పెద్దలకు వ్యాయామమైనదన్న మాట.

నది, పడవ, చలికాలం – ఈ మూడూ మనకు కొత్తవి కావు. ఐతే పరుగు సంఘాలు మన దేశంలో బలపడింది ఇటీవలి కాలంలోనే. 2004లో ముంబాయిలో మొదలైన మారథాన్ పరుగు దేశంలోని నగరాలన్నిటికీ ఉత్సాహమిచ్చింది. హైదరాబాదులో 2007లో పరుగు ప్రియులు సంఘంగా ఏర్పడ్డారు. విశాఖ సముద్రతీరాన నౌకాదళంవారి మారథాన్ 2014లో ఆరంభమైంది. ముంబాయి పరుగు జనవరిలోను, విశాఖ పరుగు నవంబరు, డిసెంబరు నెలల్లోను జరగడం కాకతాళీయం కాదు. ఎండలు మండే దేశంలో దూరపు పరుగుకు చలికాలమే అదను.

చలికాలమే ఎందుకు?

మన కండరాలు పని చేసేటప్పుడు, అవి ఖర్చు చేసే శక్తిలో నూటికి ఇరవై, ఇరవై ఐదు పాళ్ళు మాత్రమే కదలికగా మారుతుంది. తక్కినదంతా వేడి అవుతుంది. కనుక పరుగెత్తే మనిషి ఒక పొయ్యివంటివాడు. ఆ వేడిని దేహం చెమట ద్వారా బయటికి పంపుతుంది. చెమట కారినంత మాత్రాన చల్లబడము. ఆ చెమట ఆరినప్పుడే చల్లబడతాము. మన డెల్టాలో నది, కాలువలు, చెరువులు, దాపున సముద్రం ఉండడం వలన గాలిలో తేమ ఎక్కువ. తడిబట్ట వర్షాకాలంలో ఆరనట్లే, తేమగాలిలో చెమట ఆరదు. రాజమహేంద్రవరంలో వేసవి పగటి వేడి నలభై డిగ్రీలు దాటడం మామూలు. ఆ వేడికి ఈ తేమ కూడా తోడైతే లోపలి పొయ్యి చల్లారే దారి ఉండదు. డిసెంబరు, జనవరి వేకువలలో మాత్రం మన ప్రాంతంలో వేడి ఇరవై డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. శీతల దేశాలవారికి ఇది వెచ్చని దినమే కావచ్చును గాని మనకు దేవుడిచ్చిన వరం.

ఈ వరానికి కొన్ని చిక్కులు లేకపోలేదు. సార్వా కోతలు ముగిసి రైతులు ధాన్యాన్ని రోడ్ల మీద ఆరబోసే కాలం ఇదే. ఆ ధాన్యం మీద కాలు మోపడం భావ్యం కాదు, జారిపడే ప్రమాదమూ ఉన్నది. కాలువల మీద మంచు దట్టంగా పట్టినప్పుడు లారీలు నడిపేవారికి మనిషి కానరాడు. కనుక ముదురు రంగు దుస్తులు విడిచి తెల్లనివి తొడుక్కోవాలి. వాహనాలు ఎదురుగా వచ్చే ప్రక్కనే పరుగెత్తాలి. పెద్ద రోడ్డును విడిచి గట్టుదారి పట్టడం అన్నిటికంటె ఉత్తమం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుండి డెల్టా అంతటా వ్యాపించిన కాలువలు మనకు అన్నం పెట్టడమే గాక, చదునైన దారులను కూడా ఇచ్చినవి. లాకుల దాకా పోయి తిరిగి వస్తే ఒక పరుగు. చెట్ల నీడ ఉంటుంది, ఎగుడు దిగుడులుండవు, దారి తప్పే భయమూ లేదు.

మెల్లగా పరుగెత్తడం ఒక విద్య

పరుగు సంఘంలో చేరిన కొత్తవానికి మొదట నేర్పేది మెల్లగా పరుగెత్తడం. ఇది వింతగా తోచవచ్చును. 1600 మీటర్ల పరుగులో ఖర్చయ్యే శక్తిలో మూడు వంతులకు పైగా ఊపిరి ద్వారా అందే ప్రాణవాయువు మీదనే ఆధారపడి ఉంటుంది. ఆ వాయువును కండరాలకు చేరవేసే సామర్థ్యం వారాలు, నెలలు గడిచిన మీదట గాని పెరగదు. గుండె ఒక్కొక్క స్పందనకు ఎక్కువ రక్తాన్ని పంపడం నేర్చుకోవాలి. కండరాలలో సన్నని రక్తనాళాలు వృద్ధి చెందాలి. ఎముకలు, స్నాయువులు దెబ్బకు అలవాటు పడాలి. ఈ మార్పులన్నీ మెల్లని పరుగు వలననే నిలకడగా వస్తవి.

మెల్లగా అంటే ఎంత అని తెలిసికొనడానికి యంత్రాలు అక్కరలేదు. ప్రక్కవానితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగినంత వేగమే సరియైన వేగం. మాట తెగిపోతున్నదంటే వేగం హెచ్చినదని గుర్తు. మొదటి వారం రెండు నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడక చొప్పున ఇరవై నిమిషాలు చాలును. వారానికి మూడు నాలుగు దినాలు పరుగెత్తి, తక్కిన దినాలు విశ్రాంతి తీసుకోవాలి. నెల గడిచేసరికి నడక తగ్గి పరుగు పెరుగుతుంది. ఆ తరువాతనే వారానికొక్క దినం వేగపు చుట్లు. అందునా మొదటి చుట్టు కంటె చివరి చుట్టు వేగంగా ఉండేటట్లు సాధన చేయాలి. మా విద్యార్థి దీనికి సరిగా వ్యతిరేకం చేశాడు.

కొన్ని హెచ్చరికలు కూడా అవసరం. పరుగులో గుండెనొప్పి వచ్చినా, కళ్ళు తిరిగినా, మాట తడబడినా వెంటనే ఆగిపోవాలి. కుటుంబంలో చిన్న వయస్సులో గుండెజబ్బుతో మరణించినవారుంటే ముందుగా వైద్యుని చూచిన పిమ్మటనే పరుగు మొదలుపెట్టాలి. జ్వరంతో పరుగెత్తరాదు. ఎండదెబ్బ తగిలి స్పృహ తప్పుతున్నవానిని నీడకు చేర్చి, దేహమంతా చన్నీళ్ళతో తడిపి, విసురుతూ ఉండాలి. ఒకరు వైద్యసహాయం కోసం ఫోను చేస్తుండగా మరొకరు చల్లబరచడం ఆపకూడదు. స్పృహలేనివాని నోట నీరు పోయరాదు. ఈ నాలుగు మాటలు తెలిసినవారు ప్రక్కన ఉండడం కంటె గొప్ప రక్షణ లేదు. ఒంటరిగా పరుగెత్తేవానికి ఆ రక్షణ కరవు.

వెనుకబడినవారికి ముందు చోటు

ఇక సంఘాలు జరిపే పందేల సంగతి. అందరినీ ఒకే గీత మీద నిలబెట్టి పరుగెత్తిస్తే ఎవరు గెలుస్తారో ముందే తెలిసిపోతుంది. ఏటా ఆ ముగ్గురే బహుమతులు పుచ్చుకుంటారు. తక్కిన ముప్పైమంది మరునాటి నుండి రావడం మానుకుంటారు. మన కళాశాలల క్రీడోత్సవాలలో జరుగుతున్నది చాలావరకు ఇదే. పాత పరుగు సంఘాలు దీనికి చక్కని ఉపాయం కనిపెట్టినవి. 1867 నాటి ఆ థేమ్స్ పందెం కూడా ఈ పద్ధతిలోనే జరిగింది. దీనిని మనం 'ఎడం పందెం' అనవచ్చును.

ఉదాహరణకు ఐదు కిలోమీటర్ల దూరాన్ని ఒకరు 36 నిమిషాలలో, మరొకరు 28 నిమిషాలలో, ఇంకొకరు 22 నిమిషాలలో పరుగెత్తగలరని అనుకుందాం. మొదటివారిని ఉదయం 6 గంటలకు వదలాలి. రెండవవారిని 6 గంటల 8 నిమిషాలకు, మూడవవారిని 6 గంటల 14 నిమిషాలకు వదలాలి. ఎవరి శక్తి మేరకు వారు పరుగెత్తితే ముగ్గురూ 6 గంటల 36 నిమిషాలకు గమ్యం చేరుకుంటారు. అయితే 36 నిమిషాలవారు గత నెల రోజులు శ్రద్ధగా సాధన చేసి 34 నిమిషాలలో వచ్చారనుకోండి, అందరికన్నా ముందు గీత దాటేది వారే. అనగా ఈ పందెంలో గెలిచేది నిన్నటి తనకంటె మెరుగుపడినవాడు. చూచేవారికి కూడా ఇదే వేడుక. గమ్యం దగ్గర చివరి నిమిషంలో అందరూ ఒక్కుమ్మడిగా వచ్చి పడతారు. ముందు పోయినవాడు వెనుకకు చూస్తూ, వెనుకవాడు గుడ్లురిమి తరుముకొస్తూ ఉంటే నవ్వులు, కేకలు మిన్ను ముడతాయి.

ముషాయిరాలకు వెళ్ళే అలవాటున్న మన విద్యార్థులకు ఈ వరుస కొత్తగా తోచదు. ముషాయిరాలో కొత్త కవులు ముందు చదువుతారు, ఉస్తాదుల వంతు చివరికి వస్తుంది. పసివాని గజల్‌కు సభ 'వాహ్వా' అని వెన్ను తట్టిన తరువాతనే పెద్దల గొంతు వినబడుతుంది. ఉస్తాదు ముందుగా చదివితే పసివాడు కాగితం మడిచి జేబులో పెట్టుకుంటాడు. పరుగు సంఘంవారి ఎడం పందెంలోనూ అదే మర్యాద ఉన్నది.

ఇందుకు తోడు మరొక ఏర్పాటు ఎన్నదగినది. 2004 అక్టోబరు 2వ తేదీన లండను శివారులోని బుషీ పార్కులో పదముగ్గురు కలిసి ఐదు కిలోమీటర్లు పరుగెత్తారు. రుసుము లేదు, బహుమతి లేదు. ప్రతి శనివారం ఉదయం స్వచ్ఛంద సేవకుల చేతుల మీదుగా జరిగే ఆ పరుగు 'పార్క్‌రన్' అనే పేరుతో నేడు ఇరవైకి పైగా దేశాలకు వ్యాపించింది. అందులో ప్రతి పరుగుకూ ఒక సేవకుడు అందరికంటె చివర నడుస్తూ రావాలి. అతడు ఉండగా వేరెవ్వరూ 'అందరికన్నా చివరివాడు' అనిపించుకోరు. చివరి స్థానాన్ని ఒకరు కోరి స్వీకరించడం వలన తక్కినవారందరి సిగ్గు తీరిపోతున్నది. ఇంత చిన్న ఏర్పాటులో ఇంత దయ ఇమిడి ఉండడం మమ్ము ఆశ్చర్యపరచింది.

పందెం తరువాతి పలకరింపు

సంఘమన్న తరువాత పరుగు ఒక్కటే దాని పని కాదు. పరుగు ముగిసిన తరువాత కూర్చునే అరగంటే దానికి ప్రాణం. భోగినాడు మంట చుట్టూ చేరడం, పందెం మరునాడు ఇంటింటి నుండి తెచ్చిన పదార్థాలు పంచుకొనడం, ఏడాదికొకమారు కుటుంబాలతో కలిసి వనభోజనానికి పోవడం – ఇవన్నీ పైకి కాలక్షేపాలుగా కనబడతవి. వీటి వలన కలిగే మేలు మా విద్యార్థి కథలో తెలుస్తుంది.

సొమ్మసిల్లిన ఆ కుర్రవాడు కొన్ని మాసాలు మైదానం వంక చూడలేదు. అతని ఇంటికి దాపున కాలువగట్టు మీద తెల్లవారుజామున పరుగెత్తే కొందరు ఉండేవారు. వారికి పేరు లేదు, జెండా లేదు. ఒక బడిపంతులు, ఒక బట్టల కొట్టు గుమాస్తా, ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్ళు, పదవీవిరమణ చేసిన ఒక పెద్దాయన. మేము బలవంతపెట్టగా ఒకనాడు వారితో వెళ్ళాడు. వారి వెంట పరుగెత్తడం అతనికి అవమానంగా తోచినదట, ఎందుకంటే వారు మరీ మెల్లగా పరుగెత్తుతున్నారు. నాలుగవ దినం మానివేశాడు, ఐదవ దినమూ వెళ్ళలేదు. ఆరవ దినం సాయంకాలం బజారులో తేనీటి దుకాణం యజమాని అతనిని ఆపి, "ఏం బాబూ, రెండ్రోజులై కనపడటం లేదు, ఒంట్లో బాగోలేదా? పెద్దాయన అడుగుతున్నారండీ" అన్నాడు. ఆ కుర్రవాడు మాతో చెప్పిన మాట ఇది: "నేను పడిపోయిననాడు మైదానంలో వందలమంది ఉన్నారండి. నా పేరు ఎవరికీ తెలియదు. ఇక్కడ రెండు రోజులు మానితే ఎందుకు రాలేదని అడిగారు మాస్టారూ."

మరునాడు అతడు వెళ్ళాడు. ఆ చలికాలమంతా వెళ్ళాడు. తరువాతి నియామకంలో 1600 మీటర్లు ఏడు నిమిషాల యాభై సెకన్లలో, ఎట్టి బాధా లేకుండా పూర్తి చేశాడు. వ్రాత పరీక్షలో మార్కులు చాలక ఉద్యోగం మాత్రం రాలేదు. ఇది కల్పిత కథ ఐతే ఉద్యోగం ఇప్పించి ముగించేవారము. జరిగినది జరిగినట్లు వ్రాయడమే ధర్మం. ఉద్యోగం రాకపోయినా అతడు పరుగు మానలేదు. ఇప్పుడు కొత్తవారి ప్రక్కన మెల్లగా పరుగెత్తి మాట్లాడించేది అతడే.

ఆడపిల్లల సంగతి

పరుగు మగపిల్లల సొత్తు అనే భావం మనలో ఇంకా పోలేదు. మన జిల్లాల చరిత్ర మాత్రం వేరొక విధంగా పలుకుతున్నది. స్వర్ణ వరి వంగడానికి పుట్టినిల్లైన మారుటేరు నుండి వచ్చిన సత్తి గీత 2004లో ఏథెన్స్, 2008లో బీజింగ్ ఒలింపిక్ క్రీడలలో 4×400 మీటర్ల రిలే జట్టు సభ్యురాలు. 2006 దోహా ఆసియా క్రీడలలో ఆ జట్టుకు స్వర్ణపతకం లభించింది. తణుకులో జన్మించిన దండి జ్యోతికశ్రీ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అదే రిలేలో భారతదేశం తరఫున పరుగెత్తింది. ఈ రెండు ఊళ్ళూ మన కాలువల నీరు త్రాగే ఊళ్ళే.

మన సమాజంలోని తల్లిదండ్రులకు ఒక ప్రత్యేక సంకోచం ఉండవచ్చును. వారికి రెండు విషయాలు మనవి చేస్తున్నాము. మహాప్రవక్త (స) తమ సతీమణి హజ్రత్ ఆయిషా (ర)తో పరుగు పందెం వేసినట్లు హదీసు గ్రంథాలలో ఉన్నది. ఒకమారు ఆమె గెలిచారు, కొంతకాలానికి వారు గెలిచారు. ఇక రెండవది, 1984 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో మొరాకో దేశపు నవాల్ అల్ ముతవక్కిల్ 400 మీటర్ల హర్డిల్స్‌లో స్వర్ణపతకం సాధించి, ముస్లిం దేశం నుండి ఒలింపిక్ విజేత అయిన తొలి మహిళగా నిలిచింది. స్త్రీల మారథాన్ పరుగుకు ఒలింపిక్స్‌లో చోటు దొరికినది కూడా ఆ సంవత్సరమే. మర్యాదైన దుస్తులు, కళాశాల ఆవరణలోనే పరుగు, అధ్యాపకురాలి పర్యవేక్షణ, ఇళ్ళకు చేరేవరకు జంటలుగా పోవడం – ఈ ఏర్పాట్లు చేయగలిగితే అభ్యంతరానికి తావుండదు. మన బాలికలు కూడా పోలీసు నియామకాలకు దరఖాస్తు చేస్తున్నారు. వారి గడువు వారికోసం ఆగదు.

రంజాన్ మాసం మాట కూడా ఇక్కడ చెప్పుకోవాలి. చాంద్రమానాన్ని అనుసరించి అది ఏటా పది పదకొండు దినాలు ముందుకు జరుగుతుంది. ఆ లెక్కన 2030లో జనవరి ఆరంభంలో ఒకమారు, డిసెంబరు చివర మరొకమారు రంజాన్ రానున్నది. అనగా మన పరుగు కాలం, ఉపవాస కాలం ఏకమవుతున్నవి. ఆ నెలలో పందేలు పెట్టరాదు. వేగపు చుట్లు మాని, ఇఫ్తారుకు ముందు ఇరవై నిమిషాలు నడకతో కలిసిన పరుగు చాలును. పరుగు ముగిసిన కొద్దిసేపటికే నీరు, ఖర్జూరం అందుతవి. సంఘం కలిసి తినే పూట ఆ నెలలో ఇఫ్తారు అవుతుంది, ఇడ్లీ తినిపించిన హిందూ సోదరులను మనం పిలిచే అవకాశం దొరుకుతుంది.

మనం చేయదగినది

ఇంతవరకు చెప్పినదాని సారం ఇది: పరుగు సంఘం అత్యంత వేగవంతుని ఎన్నుకునే యంత్రం కాదు. నెమ్మదివాడు మరునాడు కూడా వచ్చేటట్లు చూడడం దాని పని. అతడు ఒక చలికాలం వరుసగా వచ్చినాడంటే, పరీక్షనాడు మైదానంలో పడిపోకుండా నిలబడగలడు.

కళాశాల పాలకవర్గంవారికి మా విన్నపం పెద్ద ఖర్చుతో కూడినది కాదు. కార్తీకం వెళ్ళిన తరువాత డిసెంబరు మొదటి ఆదివారం నుండి సంక్రాంతి సెలవుల వరకు వారానికి మూడు వేకువలు మైదానపు గేటు తెరిపించాలి. బాలికలకు వేరుగా ఒక వేళ, ఒక అధ్యాపకురాలు కావాలి. ఒక స్టాప్ వాచి, పేర్లు వ్రాసుకునే ఒక పుస్తకం, ప్రథమచికిత్స పెట్టె, రెండు కుండలు మంచినీరు ఉంటే చాలును. ఏడాదికొకమారు వైద్యుని పిలిపించి కొత్తవారిని పరీక్ష చేయించాలి. సంక్రాంతి సెలవులకు ముందు ఆదివారం ఒక ఎడం పందెం జరపాలి. బహుమతి ఒక్కటే ఇవ్వాలి, అది కూడా అందరికంటె ఎక్కువ మెరుగుపడినవారికి. తేనీటి ఖర్చు అధ్యాపకులము భరిస్తాము.

విద్యార్థులను కోరేది ఇంకా స్వల్పం. పేర్ల పుస్తకంలో మీ పేరు వ్రాయండి. ప్రక్కవాని పేరు తెలిసికొనండి. రెండు దినాలు అతడు కనబడకపోతే ఇంటికి వెళ్ళి, ఎందుకు రాలేదని అడగండి. ఇక ప్రతి పరుగులోనూ అందరికంటె చివర నడిచి రావడానికి ఒకరు కావాలి. మొదటి ఆదివారానికి ఆ స్థానం మేము కోరుకుంటున్నాము. మా వయస్సుకు, మా వేగానికి అది తగియే ఉన్నది.